గోడ మీద గండికోట

మా హాల్లో సోఫా వెనక గోడకి నాలుగేళ్ళ పాటు ఒక జర్మనీ కోట ఫోటో ఉండేది. మా తమ్ముడు హైడెల్‌బర్గ్‌లో చదువుకుని వచ్చాడు, మేం హైదరాబాద్ నల్లకుంటలో ఈ ఫ్లాట్ తీసుకున్నప్పుడు గృహప్రవేశానికి వాడు ఇచ్చిన గిఫ్ట్ అది. కింద నెకర్ నది, నది మీద పాత రాతి వంతెన, వంతెన దాటాక ఊరి పెంకుటిళ్ళు, వాటి పైన కొండ నడుముకి అతుక్కున్నట్టు సగం కూలిపోయిన ఎర్రరాతి కోట, దాని వెనక చిక్కటి అడవి. చాలా మంచి ఫోటో, ఇప్పటికీ అదే మాట అంటాను, ఎందుకంటే ఈ పోస్ట్‌లో చెప్పబోయేదంతా నాకు నేర్పింది ఆ ఫోటోనే.

మా నాయనది కడప జిల్లా జమ్మలమడుగు దగ్గర ఒక పల్లె. రిటైరయ్యాక మా దగ్గరికి వచ్చేశాడు. వచ్చిన మొదటి రోజు కాఫీ గ్లాసు పట్టుకుని ఆ ఫోటో ముందు నిలబడి చాలాసేపు చూశాడు.

"ఇది యాడిదబ్బీ కోట?"

"జర్మనీది నాయనా, తమ్ముడు చదివిన ఊరు."

"బాగుండాది. రాయి గూడా ఎర్రరాయే, మన గండికోట మాదిరి. గండికోటది ఇట్లాంటి పటం దొరకదా యాడన్నా?"

దొరక్కేం, ఆర్డర్ పెట్టేద్దాం అనుకుని ఆ రాత్రే ఫోన్ పట్టుకుని కూర్చున్నా. వందల ఫోటోలు చూశా. అన్నీ ఒకటే ఫోటో. ఎర్రటి బండల అంచు, కింద మెలిక తిరిగిన పెన్న, అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్న ఒక మనిషి. పేరు గండికోట, ఫోటోలో గండి ఉంది, కోట లేదు. నాయనకి చూపిస్తే "ఇది గండి రా, కోట యాడ?" అని ఆయనా అదే అడిగాడు. అప్పుడు అర్థమైంది, ఈ ఫోటో కొనుక్కుంటే దొరికేది కాదు, వెళ్ళి తీసుకోవాల్సిందే అని.

కోట ఎందుకు ఉండదో అక్కడికి వెళ్ళినవాళ్ళు ఒక్క నిమిషం ఆలోచిస్తే తెలిసిపోతుంది. జనం నిలబడే వ్యూ పాయింట్ కోట లోపలే ఉంది, జామా మసీదు దాటి వెనక్కి నడిస్తే బండలు వస్తాయి, అవి ఎక్కితే లోయ. అంటే మనం కోటలో నిలబడి, కోటకి వీపు పెట్టి, లోయని చూస్తున్నాం. ఇక కెమెరాలోకి కోట ఎక్కణ్ణుంచి వస్తుంది? మా గోడ మీది హైడెల్‌బర్గ్ ఫోటోలో కోటా నదీ వంతెనా అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఎందుకున్నాయంటే, తీసినవాడు నది దాటి అవతలి కొండ మీద నిలబడ్డాడు. అక్కడ ఫిలాసఫర్స్ వాక్ అని ఒక కాలిబాట ఉంది, అందరూ అక్కణ్ణుంచే తీస్తారట. కోటని చూపించాలంటే ముందు కోటలోంచి బయటికి రావాలి.

ఆ కోట కథ కూడా తమ్ముడే చెప్పాడు, దానికీ ఫోటోలకీ సంబంధం ఉంది కాబట్టి రాస్తున్నా. 1689లో ఒకసారి, 1693లో ఇంకోసారి ఫ్రాన్స్ సైన్యాలు దాన్ని కూల్చాయి. కొంత బాగుచేసుకుంటే 1764లో పిడుగు పడి కాలిపోయింది. ఆ తర్వాత ఊళ్ళో వాళ్ళే ఇళ్ళు కట్టుకోడానికి రాళ్ళు పట్టుకుపోయేవాళ్ళు. 1810లో షార్ల్ ద గ్రాంబెర్గ్ అని ఒక ఫ్రెంచ్ దొర అక్కడికి వచ్చి, ఆ శిథిలాలు చూసి, ఇక జీవితమంతా అక్కడే ఉండిపోయాడు. రాళ్ళు తీసుకుపోకుండా అడ్డుపడ్డాడు, కోట బొమ్మలు గీసి, గీయించి, అచ్చు వేయించి వచ్చిపోయేవాళ్ళకి అమ్మాడు. ఆ బొమ్మలు యూరప్‌లో ఇళ్ళ గోడలకి ఎక్కాయి, అవి చూసి జనం రావడం మొదలుపెట్టారు. కూల్చింది ఫ్రెంచి సైన్యం, కాపాడింది ఒక ఫ్రెంచివాడు, అదీ బొమ్మలతో. ఈ సంగతి విన్నాక గోడకి తగిలించే బొమ్మని నేను ఇంటి అలంకరణ లెక్కలో వేయడం మానేశా.

మన గండికోట కథ అంతకేం తక్కువ కాదు, పైగా హైదరాబాద్ వాళ్ళకి సంబంధం ఉన్న కథ. విజయనగరం కాలంలో పెమ్మసాని నాయకులు ఏలిన కోట ఇది. 1650 ప్రాంతంలో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా తరఫున మీర్ జుమ్లా వచ్చి పట్టుకున్నాడు. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి నగల వ్యాపారి ముత్యాలూ నగలూ అమ్ముకోడానికి గండికోట దాకా వచ్చి మీర్ జుమ్లాని కలిశాడు, కొండని తొలిచిన ఇరుకు దారి గురించీ, కోటలో ఫిరంగులు పోత పోసే ఫ్రెంచివాడి గురించీ రాసిపెట్టాడు. చార్మినార్ చూసి పెరిగిన కళ్ళకి ఆ జామా మసీదు మినార్లు కొత్తగా అనిపించవు, మూడు వందల యాభై కిలోమీటర్ల పైన కారు నడుపుకుంటూ వెళ్ళి కూడా ఏదో తెలిసిన వీధిలోకి వచ్చినట్టే ఉంటుంది. మసీదుకి కూతవేటు దూరంలో రంగనాథస్వామి గుడి, ఇంకోవైపు మాధవరాయస్వామి గుడి గోపురం, మధ్యలో పెద్ద ధాన్యాగారం. చివరికి 1800లో నిజాం ఈ జిల్లాలన్నీ ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేశాడు, అవే దత్తమండలాలు.

ఇంకో మాట, దీన్ని అమెరికా లోయ పేరుతో ఇండియా గ్రాండ్ కాన్యన్ అని పిలవడం నాకు అస్సలు నచ్చదు. గండి పక్కన కోట కాబట్టి గండికోట, అంతకన్నా బాగా ఎవరు చెప్తారు?

మొదటిసారి డిసెంబర్‌లో వెళ్ళా. శుక్రవారం రాత్రి బయల్దేరి కర్నూలు, బనగానపల్లె, కొయిలకుంట్ల మీదుగా జమ్మలమడుగు, అక్కణ్ణుంచి పదిహేను కిలోమీటర్లు. అందరూ చలికాలమే మంచిదంటారు, గాలి శుభ్రంగా ఉంటుంది, ఎండ కొట్టదు, నిజమే. కోటలోంచి బయటికి రావాలి అన్న సూత్రం పట్టుకుని లోయ అంచు వెంబడే పడమటి వైపు నడుచుకుంటూ పోయా, అన్ని చోట్లా రెయిలింగ్ ఉండదు కాబట్టి అడుగు చూసుకుని వేస్తూ. అలా నడిచాక అంచు కొంచెం ముందుకి పొడుచుకొచ్చిన చోటు ఒకటి దొరికింది. అక్కడ ఆగి వెనక్కి తిరిగి తూర్పుకి చూస్తే కుడి పక్క బండల నెత్తిన కోట గోడ, ఒక కూలిన బురుజు, ఎడమ పక్క కింద పెన్న, దూరంగా అవతలి గట్టు. కావాల్సిందంతా ఒక్క ఫ్రేములో ఉంది. ట్రైపాడ్ వేసి సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నా.

సాయంత్రం అయింది. అవతలి గట్టు బంగారంలా వెలిగింది. కోట ఉన్న గట్టు మాత్రం నల్లగా అలాగే ఉండిపోయింది.

ఇంటికొచ్చి కంప్యూటర్‌లో నీడల్ని ఎంత పైకి లాగినా ఆ కోట బయటికి రాలేదు. వెలుతురైతే వచ్చింది, కోట రాలేదు. ఎందుకంటే ఆ గోడ కట్టింది అక్కడి రాయితోనే. ఆ కొండ రాయికి భూగర్భశాస్త్రం వాళ్ళు గండికోట క్వార్ట్‌జైట్ అనే పేరు పెట్టారు, వంద కోట్ల ఏళ్ళకి పైబడిన రాయి, పొరలు పొరలుగా, చెక్కకుండానే పేర్చినట్టు ఉంటుంది. ఆ రాయినే కోసి దాని నెత్తిన దానితోనే గోడ కట్టారు. హైడెల్‌బర్గ్ కోటది కూడా అక్కడి ఎర్ర ఇసుకరాయే, కానీ దానికి వెనక పచ్చటి అడవి ఉంది, ఎరుపు దానంతట అదే కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ఇక్కడ ఎరుపు మీద ఎరుపు. కొండ ఎక్కడ అయిపోయిందో కోట ఎక్కడ మొదలైందో విడదీసి చూపించగలిగేది ఒక్క ఏటవాలు ఎండ మాత్రమే. రాయికీ రాయికీ మధ్య సందుల్లో సన్నటి నీడ పడితేనే అది మనిషి కట్టిన గోడ అని కంటికి తెలుస్తుంది.

మరి ఆ ఎండ ఎందుకు పడలేదు? దీని గురించి ఒక కాగితం మీద బొమ్మ వేసుకున్నాక గానీ నాకు తట్టలేదు. పెన్న తూర్పుకి పారుతుంది, కోట కుడి గట్టున ఉంది, అంటే నదికి దక్షిణాన. కోట కింది బండల మొహం ఉత్తరానికి. డిసెంబర్‌లో సూర్యుడు రోజంతా దక్షిణం వైపే తిరుగుతాడు, అక్కడే పొడుస్తాడు, అక్కడే కుంగుతాడు. ఉత్తరం మొహం ఉన్న గోడ మీద ఆ నెలంతా ఎండ అన్నదే పడదు. సుమారు పద్నాలుగున్నర, పదిహేను డిగ్రీల అక్షాంశం మీద ఉన్న చోటది, అక్కడ మే మొదట్లో సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి పోతాడు, మళ్ళీ ఆగస్టు రెండో వారానికి గానీ తిరిగి రాడు. ఆ మూడు నెలలూ పొద్దుగుంకేది పడమర కంటే ఉత్తరానికి జరిగి. అంటే నేను నిలబడ్డ చోట నుంచి తూర్పుకి చూస్తే నా వెనక, ఎడమ భుజం మీదుగా వచ్చి ఎండ నేరుగా ఆ గోడని రాసుకుంటూ పోతుంది. ఎవరూ ఎండలకి భయపడి వెళ్ళని నెలల్లోనే ఆ కోట మొహం మీద వెలుగు పడుతుందన్నమాట. ఫోటోల్లో కోట కనపడకపోడానికి ఇది రెండో కారణం అని నా నమ్మకం.

నాయనకి చెప్తే "మేమూ ఎండాకాలమే పోతాంటిమి రా, సెలవులు అప్పుడే గదా, ఎద్దులబండి కట్టుకోని" అన్నాడు.

మే చివర్లో మళ్ళీ వెళ్ళా. ఎండ నలభై దాటి ఉంది, పగలంతా హరిత హోటల్ రూమ్‌లోనే పడుకుని సాయంత్రం అయిదుకి నాలుగు నీళ్ళ బాటిళ్ళతో బయల్దేరా. బండలు బూట్లలోంచి కూడా కాలుతున్నాయి. చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు. నది బాగా తగ్గి ఉంది, ఒక ఆకుపచ్చ పట్టీలా, కానీ దానివల్ల ఎప్పుడూ నీళ్ళలో ఉండే కింది బండల చారలు కూడా బయటపడ్డాయి, నాకు అదీ బాగానే అనిపించింది.

ఆరు దాటాక మొదలైంది. ముందు బురుజు ఒక పక్క ఎర్రబడింది, తర్వాత ఆ ఎరుపు గోడ వెంబడి రాయి తర్వాత రాయి అంటుకుంటూ వెళ్ళింది, ఒక్కో రాయి అంచు విడిగా లేచి నిలబడింది. కింద కొండ తనకి తాను పేర్చుకున్న పొరలు ఎక్కడ ఆగాయో, పైన మనుషులు పేర్చిన వరసలు ఎక్కడ మొదలయ్యాయో ఒక గీత గీసినట్టు కనపడింది. అంత ఎండలో రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఆ గోడకి ఒక్కో రాయి మోసిన మనిషి ఎక్కడ నిలబడి పెట్టి ఉంటాడు, ఇంత లోతు పక్కనే ఉంటే కాళ్ళు వణకలేదా అనిపించింది.

టెక్నికల్‌గా ఏం చేశానో అడిగేవాళ్ళ కోసం చెప్తా. నా కెమెరా 24 మెగాపిక్సెల్, అంటే 6000 బై 4000. దాన్ని అయిదడుగుల వెడల్పు ప్రింట్ చేస్తే అంగుళానికి వంద చుక్కలే వస్తాయి, దూరం నుంచి బాగానే ఉంటుంది కానీ దగ్గరికెళ్ళి రాళ్ళ సందులు చూద్దామంటే అలుక్కుపోయి ఉంటాయి. నాయన దగ్గరికెళ్ళి చూస్తాడని నాకు తెలుసు. అందుకని కెమెరా నిలువుగా తిప్పి, పక్కపక్కన అయిదు ఫ్రేములు, ఒకదానిలో ఇంకోటి నలభై శాతం కలిసేట్టు తీసి, కంప్యూటర్‌లో ఒకే ఫోటోగా కుట్టా. అన్నీ కత్తిరించాక 13000 బై 5200 వచ్చింది, అరవై అంగుళాల మీద అంగుళానికి రెండు వందల చుక్కల పైనే. ఇలా తీసేటప్పుడు ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ మూడూ మాన్యువల్‌లో పెట్టి కదపకూడదు, ఆటోలో వదిలితే ఒక్కో ఫ్రేము ఒక్కో రంగులో వచ్చి అతుకులు తెలిసిపోతాయి. పోలరైజర్ ఫిల్టర్ కూడా తీసేయాలి, వెడల్పు ఫోటోలో ఆకాశం ఒకచోట ముదురుగా ఒకచోట లేతగా వస్తుంది. కెమెరాకి మరీ దగ్గర్లో రాళ్ళూ కొమ్మలూ లేకుండా చూసుకోవాలి, అవి కుట్టేటప్పుడు సరిగ్గా అతకవు. గాలి కొడుతుంది కాబట్టి ట్రైపాడ్ మధ్యలో బ్యాగు వేలాడదీశా.

సికింద్రాబాద్‌లో 1880ల్లో స్టూడియో పెట్టిన రాజా దీన్ దయాళ్, ఆరో నిజాం ముసవ్విర్ జంగ్ అని బిరుదు ఇచ్చిన ఆయన, ఆ రోజుల్లో ఎలా చేసేవాడా అని నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. అప్పట్లో మామూలుగా నెగెటివ్ గాజు పలకని కాగితం మీద ఆనించి ఎండలో పెట్టి అచ్చు తీసేవాళ్ళు, నెగెటివ్ ఎంతో ప్రింట్ అంతే. పెద్ద ప్రింట్ కావాలంటే అంత పెద్ద గాజు పలక, అంత పెద్ద కెమెరా, మోసుకుంటూ కొండలెక్కాలి. నేను మోసింది చాలా తక్కువ.

ఇక ప్రింట్. ఇక్కడ చాలామంది కాన్వాస్ మీద వేయించమన్నారు, చూడ్డానికి పెయింటింగ్‌లా ఉంటుందని. నేను వద్దనుకున్నా. కాన్వాస్ నేత గరుకు రాళ్ళ సందుల్ని మింగేస్తుంది, నేను రెండోసారి వెళ్ళిందే ఆ సందుల కోసం. పైగా కాన్వాస్‌ని చెక్క ఫ్రేముకి చుట్టేటప్పుడు నాలుగు పక్కలా అంగుళంన్నర, రెండంగుళాలు వెనక్కి పోతుంది, అది ముందే చూసుకోకపోతే బురుజు సగం గోడ వైపుకి తిరుగుతుంది. మెరిసే కాగితం కూడా వద్దనుకున్నా, మా హాల్లో బాల్కనీ ఎదురుగా ఉంది, పగలంతా ఫోటోలో బాల్కనీయే కనపడుతుంది. మ్యాట్ ఆర్ట్ పేపర్, పిగ్మెంట్ ఇంక్ ఎంచుకున్నా, ఇది త్వరగా వెలవదు.

మొదటి టెస్ట్ ప్రింట్ చూసి మనసు పాడైంది. రాయి నారింజ పండు రంగులో ఉంది, నీడలన్నీ తేలిపోయాయి. ల్యాబ్ వాళ్ళు వాళ్ళంతట వాళ్ళే కలర్ కరెక్షన్ చేసేశారు, పెళ్ళి ఫోటోలకి చేసినట్టు. రెండోసారి ఫైల్‌తో పాటు "కలర్ కరెక్షన్ చేయకండి" అని రాసిచ్చా, ఈసారి రంగు కరెక్ట్, కానీ మొత్తం మసక చీకటిగా వచ్చింది. అది ల్యాబ్ తప్పు కాదు. స్క్రీన్ వెనక నుంచి వెలుగుతుంది, కాగితం వెలగదు, గదిలో ఎంత వెలుతురు పడితే అంతే తిరిగిస్తుంది. నేను మానిటర్ వెలుతురు బాగా పెంచుకుని ఎడిట్ చేశా. తగ్గించుకుని మళ్ళీ చేసి, ఫోటోలోంచి గోడ, బురుజు ఉన్న ముక్క ఒక్కటి చిన్న సైజులో వేయించుకుని, అది తెచ్చి అదే గోడకి టేప్‌తో అంటించి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైట్ వేశాక చూశా. రాత్రి పసుపు బల్బు కింద ఎరుపు ఇంకా ఎర్రబడుతుంది, అందుకని ఎరుపు ఒక పిసరు తగ్గించా. మీరు గోడకి ఏ ఫోటో వేయించుకున్నా ఈ ముక్క పని మాత్రం తప్పకుండా చేయండి, పెద్ద ప్రింట్ ఖర్చులో అదో లెక్క కాదు.

పటం కట్టించింది చిక్కడపల్లిలో ఒక పాత షాపులో. చుట్టూ వెంకటేశ్వరస్వామి, లక్ష్మీదేవి, దండ వేయడానికి సిద్ధంగా ఉన్న పెద్దవాళ్ళ ఫోటోలు, మధ్యలో బల్ల మీద నా గండికోట పరిచి పెట్టారు. ఆ షాపాయన టేపుతో కొలిచి, "సార్, ఇంత పొడుగు పటానికి అద్దం వెయ్యొద్దు, బరువైతది, మేకులు ఆగయి. అక్రిలిక్ వేస్త, బీడింగ్ సన్నగ నల్లది పెడదాం" అన్నాడు. ఫోటో అక్రిలిక్‌కి తగలకుండా మధ్యలో మౌంట్ బోర్డు పెట్టించా, ఆసిడ్ లేనిది, లేకపోతే కొన్నేళ్ళకి అంచులు పసుపెక్కుతాయి. వానాకాలం చెమ్మకి తగులుకుంటే కాగితం అక్రిలిక్‌కి అంటుకుపోతుంది కూడా. పని అంతా అయ్యాక ఆయన "ఇదేం ఊరు సార్" అని అడిగితే చెప్పా, "కోట ఉందా ఆడ? ఫోన్ల నీళ్ళే చూసిన" అన్నాడు. ఆ మాట విన్నాక రెండు ప్రయాణాల అలసటా పోయింది.

తగిలించడానికి ఒక లెక్క ఉంది, ఫోటో మధ్యభాగం నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల ఎత్తులో ఉండాలి, నిలబడ్డ మనిషి కంటికి సరిగ్గా వస్తుంది, వెడల్పేమో కింద సోఫాలో మూడింట రెండొంతులు ఉంటే చూడ్డానికి నిండుగా ఉంటుంది. వెడల్పు సరిపోయింది, మా సోఫా ఏడడుగులు. రసమట్టం పెట్టి, ఎత్తు కొలిచి, నాలుగు డ్రిల్ రంధ్రాలు, ప్లాస్టిక్ ప్లగ్గులు, స్క్రూలు, తమ్ముడూ నేనూ చెరో పక్క పట్టుకుని ఎక్కించాం. హైడెల్‌బర్గ్‌ని తీసేయలేదు, డైనింగ్ టేబుల్ పక్క గోడకి మార్చాం, రెండూ ఒకేసారి కనపడతాయి.

నాయన వచ్చి ముందు నిలబడి చూశాడు. దగ్గరికెళ్ళి బురుజు చూశాడు, గోడ వెంబడి కళ్ళు జరుపుకుంటూ పోయాడు. "ఈ గోడ మీద నడిస్తిమి రా, నేనూ మా అన్నా. మా నాయన చూసి బెత్తం తీసుకున్యాడు" అన్నాడు. తర్వాత వెళ్ళి ఎదురుగా తన కుర్చీలో కూర్చున్నాడు, మోకాళ్ళ నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేడు. కాసేపు చూసి, "కూసుంటే ఆకాశమే కనపడతాంది అబ్బీ, ఏరు సరిగ్గా కనపడ్లే" అన్నాడు.

వెళ్ళి ఆయన కుర్చీలో కూర్చుని చూశా. నిజమే, గది దీపం వెలుగు కింది సగం మీద పడి పెన్న మొత్తం తెల్లగా మెరిసిపోతోంది. మరుసటి ఆదివారం మళ్ళీ దించి, తొమ్మిది అంగుళాలు కిందికి కొత్త రంధ్రాలు పెట్టి, సోఫాని ఒక జాన ముందుకి జరిపి తగిలించాం. పాత రంధ్రాలు నాలుగూ పటం వెనకే ఉండిపోయాయి, పుట్టీ పెట్టలేదు.